పదిహేను కిలోమీటర్లు అయ్యాయి, మరి ఇరవై ఒకటికి నేను రెడీనా?

ఈసారి ఉత్తరం తార్నాక వైపు నుంచి ఒకావిడ రాశారు, పేరు వద్దన్నారు. వయసు 39, ఇద్దరు పిల్లలు, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైనవి మాత్రం నా మాటల్లో చెప్తా.

పోయిన నవంబర్‌లో బరువు తగ్గుదామని ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నడక మొదలుపెట్టారు, సంక్రాంతి నాటికి ఆ నడక కాస్తా పరుగైంది. ఫిబ్రవరిలో ఆఫీసువాళ్లతో కలిసి ఒక 10కె, అంటే పది కిలోమీటర్ల రేసు పూర్తి చేశారు, ఆ రోజు మెడల్ మెడలో వేసుకుని ఇంటికొచ్చి రాత్రి పిల్లలు పడుకునేదాకా తీయలేదట. ఆ ఊపులోనే ఆఫీసులో ఏడుగురు కలిసి ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి, అంటే 21 కిలోమీటర్ల పరుగుకి డబ్బులు కట్టేశారు, వాట్సాప్ గ్రూప్ కూడా పెట్టుకున్నారు, రోజూ ఎవరో ఒకరు వాచ్ స్క్రీన్‌షాట్ పెడుతూనే ఉంటారు. ఈవిడ మే నుంచి వారానికి మూడు రోజులు పరిగెత్తుతున్నారు, మామూలు రోజుల్లో నాలుగున్నర అయిదు కిలోమీటర్లు, ఆదివారం 8, 10, 11 ఇలా. మూడు వారాల కింద గ్రూపులో ఇద్దరు 15 చేద్దామంటే వాళ్లతో కలిసి వెళ్లారు. 2 గంటల 10 నిమిషాలు పట్టింది, చివరి మూడు కిలోమీటర్లు సగం నడకే. మర్నాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది, అప్పటి నుంచి ఎడమ కాలికి మోకాలి కింద లోపలి వైపు ఎముక వెంబడి నొప్పి. తర్వాతి వారం బోనాలకి ఇంటినిండా చుట్టాలు, పరుగే లేదు, అయినా నొప్పి తగ్గింది గానీ పోలేదు. ఇప్పుడు పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలు ఉంటుంది, తర్వాత మర్చిపోతారు, సాయంత్రానికి మళ్లీ వస్తుంది.

ఇంట్లో సంగతి ఇంకొకటి. ఈవిడ డిగ్రీలో ఉండగా నాన్నగారు 52 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. అమ్మగారు నల్గొండ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "మీ నాయినకు గిట్లనే అయింది బిడ్డా, పిల్లల తల్లివి, నీకెందుకు ఈ ఉరుకుడు" అని ఏడుస్తున్నారు. భర్త వద్దనరు, కానీ "డబ్బులు కట్టినవ్ కదా, ఇప్పుడు ఆగితే అందరూ ఏమనుకుంటరు" అంటారు. ఉత్తరం చివర్లో ఒక ముక్క ఉంది, "హిమోగ్లోబిన్ పోయినేడాది 10.2 వచ్చింది, కొన్నాళ్లు టాబ్లెట్లు వాడాను, ఇప్పుడు ఓకే అనుకుంటా". ఆ తర్వాత ప్రశ్న: "ఇంకా ఆరు వారాలే ఉంది. నేను రెడీనా కాదా ఒక్క మాటలో చెప్పండి."

ఒక్క మాటే కావాలంటే, ఈరోజుకైతే రెడీగా లేరు. ఆగస్టు చివరికి అవుతారా అంటే అది ఇవాళ నేనే కాదు, పెద్ద కోచ్ కూడా చెప్పలేడు, మీ కాలూ మీ రక్తమూ కలిసి తేల్చాల్సిన విషయం అది. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు, పదకొండేళ్లుగా పరిగెత్తుతున్న మనిషిని, చాలామంది కొత్తవాళ్లతో కలిసి వాళ్ల మొదటి హాఫ్ దాకా నడిచినదాన్ని. మీ ఉత్తరం రెండుసార్లు చదివా. రెండోసారి చదివినప్పుడు నన్ను ఆపింది ఆ 15 కిలోమీటర్లు కాదు, కాలినొప్పి కూడా కాదు, చివర్లో మీరు అలా రాసి వదిలేసిన ఆ హిమోగ్లోబిన్ ముక్క. దాని దగ్గరికి వస్తా, ముందు 15 సంగతి చూద్దాం.

15 పరిగెత్తినవాళ్లు 21 పరిగెత్తగలరా అంటే చాలామంది పరిగెత్తగలరు, మామూలుగా మొదటి హాఫ్‌కి తయారయ్యేవాళ్లు 16 నుంచి 18 దాకా వెళ్లి ఆగుతారు, మిగతా మూడు నుంచి అయిదు కిలోమీటర్లు ఆ రోజు జనం, చప్పట్లు, రెస్ట్ తీసుకున్న కాళ్లు లాక్కుపోతాయి. కానీ ఆ 15 ఎలా వచ్చిందన్నది చూడాలి. మీ ఆదివారాలు 8, 10, 11 అని మెట్టు మెట్టుగా వెళ్తున్నాయి, బాగుంది, అక్కడి నుంచి 12, 13 అని వెళ్లాల్సింది ఒక్క గెంతులో 15కి వెళ్లారు. ఆ వారం మొత్తం మీరు పరిగెత్తింది 25 కిలోమీటర్లు అనుకుంటే అందులో 15 ఒక్కరోజే, అంటే సగం కంటే ఎక్కువ బరువు ఒక్క పొద్దున మీద పడింది. ఊపిరితిత్తులు, గుండె త్వరగా అలవాటు పడతాయి, కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది. ఎముకలు, కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే ఆ తాళ్లలాంటివి అలవాటు పడడానికి నెలలు పడుతుంది. కొత్తవాళ్లందరికీ తగిలే దెబ్బ ఇక్కడే, ఊపిరి ఉంది కదా అని వెళ్తారు, ఎముక ఇంకా వెనకే ఉంటుంది. మీ తప్పని చెప్పట్లేదు, మీరు వెళ్లింది ఇద్దరు స్నేహితులతో, వాళ్లు ఆగకపోతే మీరెలా ఆగుతారు.

అందుకే నన్ను ఎవరైనా రెడీనా అని అడిగితే ఆదివారం ఎంత పరిగెత్తారని నేను అడగను, మంగళవారం పొద్దున ఎలా ఉందని అడుగుతా. ఆదివారం లాంగ్ రన్ చేసి, సోమవారం కొంచెం బిగుసుకున్నట్టు ఉండి, మంగళవారం మళ్లీ నాలుగు కిలోమీటర్లు మామూలుగా పరిగెత్తగలిగితే ఆ దూరం మీ ఒంటికి పట్టినట్టు. మంగళవారం కూడా మంచం దిగగానే మొదటి అడుగుకి మొహం చిట్లించాల్సి వస్తే ఆ దూరం మీది ఇంకా కాదు, అప్పు తెచ్చుకున్నది. మీ 15 అలాంటిదే.

ఇక కాలు. మీరు రాసిన లక్షణాలు చూస్తే రన్నర్లు షిన్ పెయిన్ అనే మామూలు నొప్పిలా ఉంది, మొదట్లో ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, ఆగాక మళ్లీ రావడం దాని తీరు. కానీ దీనికి ఒక అన్న ఉన్నాడు, ఎముకలో సన్నటి చీలిక, స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. రెండూ ఒకే చోట వస్తాయి, మొదట్లో ఒకేలా ఉంటాయి. ఇవాళ సాయంత్రం ఒక పని చేయండి, కుర్చీలో కూర్చుని ఎడమ కాలు కుడి మోకాలి మీద పెట్టుకుని, చీలమండ పైనుంచి ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో గట్టిగా నొక్కుకుంటూ, అంగుళం అంగుళం పైకి రండి. జానెడు పొడవునా అక్కడక్కడా సలుపుతున్నట్టు ఉంటే అది మొదటి రకం కావొచ్చు. అలా కాకుండా ఒక్క చోట, రూపాయి బిళ్లంత చోట, వేలు పెట్టగానే అబ్బా అని కాలు లాక్కునేంత నొప్పి ఉంటే అది వేరు. ఇంకా, ఆ ఒక్క కాలి మీద నిలబడి రెండుసార్లు గెంతితే కలుక్కుమంటుందా, రాత్రి పడుకున్నాక పరుగు లేకపోయినా నొప్పి ఉంటుందా చూసుకోండి. వీటిలో ఏ ఒక్కటి అవునన్నా పరుగు ఆరోజే ఆపేసి ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలవండి, ఎక్స్‌రే నార్మల్ వచ్చిందని సంతోషించి మర్నాడే పరుగు మొదలుపెట్టకండి, ఈ చీలిక మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, అవసరమైతే ఎంఆర్ఐ డాక్టరే రాస్తారు.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే నేను పరుగు మొదలుపెట్టిన రెండో ఏడు సరిగ్గా ఇదే నొప్పితో, డబ్బులు కట్టానని, బిబ్ (రేసు నంబరు కాగితం) తెచ్చుకున్నానని, ఒక హాఫ్ పరిగెత్తా. పూర్తిచేశా కూడా. పదిహేడో కిలోమీటరు దగ్గర ఎవరో సన్నటి మేకు దిగ్గొట్టినట్టు అనిపించింది, అయినా ఆగలేదు, చివరికి మెడల్ చేతికిచ్చిన అమ్మాయిని పట్టుకుని నిలబడ్డా. ఆ తర్వాత నాలుగు నెలలు పరుగు లేదు. నెలా పదిహేను రోజులు వంటింట్లో స్టూల్ మీద కూర్చుని కూర తాలింపు పెట్టుకున్నా. ఆ మెడల్ ఇప్పటికీ ఉంది, చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ స్టూలే.

షూస్ గురించి మీరేం రాయలేదు. నడకకి కొన్నవే ఇంకా వాడుతుంటే, మడమ దగ్గర సోల్ ఒకవైపు అరిగి ఉంటే, మార్చండి. రన్నింగ్ షూస్ సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తాయంటారు, ఇప్పుడే కొంటే అవి అలవాటయ్యే టైమ్ ఉంది, రేసుకి వారం ముందు మాత్రం కొత్తవి వద్దు.

ఇప్పుడు ఆ హిమోగ్లోబిన్. "ఓకే అనుకుంటా" అన్నారు. అనుకోకండి, చూపించుకోండి, ఈ వారమే. గర్భంతో లేని ఆడవాళ్లకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క, మీది 10.2. ఇదేదో మీ ఒక్కరి లోపం కాదు, 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, అంటే మీ గ్రూపులో ఉన్న మిగతా ఆడవాళ్లలో కూడా ఎవరికో ఉండే ఉంటుంది. కానీ ఇంట్లో పనికి, ఆఫీసుకి సరిపోయే రక్తం రెండున్నర మూడు గంటల పరుగుకి సరిపోదు. కండరానికి ఆక్సిజన్ మోసుకెళ్లేది హిమోగ్లోబినే, అది తక్కువైతే అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. మీరు చివరి మూడు కిలోమీటర్లు నడిచింది మీకు పట్టుదల లేక కాకపోవచ్చు, ఆక్సిజన్ మోసే బండ్లు తక్కువై కావచ్చు. ఉత్తరంలో ఇంకోచోట "అందరికంటే నేనే ఎక్కువ ఆయాసపడతా, నాది మొండి శరీరం" అని రాశారు చూడండి, అది చదివి నాకు బాధేసింది. రక్తం లేని ఒంటిని మొండిదంటూ తిడుతున్నారేమో.

సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష), ఫెరిటిన్, పనిలో పనిగా థైరాయిడ్ కూడా చేయించుకోండి. ఫెరిటిన్ ఎందుకంటే హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నట్టు కనపడినా ఒంట్లో దాచుకున్న ఐరన్ అడుగంటి ఉండొచ్చు. తక్కువ వస్తే టాబ్లెట్ ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టర్ చెప్తారు, నేను చెప్పేది ఒక్కటే, టాబ్లెట్ వేసుకున్న గంటా రెండు గంటల్లో టీ, కాఫీ, పాలు వద్దు, అవి ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు, నిమ్మరసంతోనో జామకాయ తినో వేసుకుంటే పడుతుంది. చాలామంది పొద్దున టీతో పాటు టాబ్లెట్ మింగి మూడు నెలల తర్వాత ఏం పెరగలేదంటారు. ఇంకో మాట మొహమాటం లేకుండా అడుగుతున్నా, పీరియడ్స్ ఎక్కువ రోజులు, ఎక్కువగా అవుతున్నాయా? అవుతుంటే గైనకాలజిస్ట్‌ని కలవాలి, లేకపోతే ఇటు పోస్తుంటే అటు కారిపోతూనే ఉంటుంది. టాబ్లెట్లు మొదలుపెట్టాక హిమోగ్లోబిన్ కొన్ని వారాల్లో పెరుగుతుంది గానీ నిల్వలు నిండడానికి నెలలు పడుతుంది, కాబట్టి రిపోర్ట్‌లో 10, 11 దగ్గరే ఉంటే ఆరు వారాల్లో హాఫ్ అన్నది నేనైతే మనసులోంచి తీసేస్తా.

అమ్మగారి విషయం. మీరు "అమ్మకి అర్థం కాదు" అని రాశారు, నాకైతే ఆవిడ మాటలో సగం కరెక్టే అనిపించింది. తండ్రికి 55 లోపు గుండెజబ్బు వస్తే పిల్లలకి అది ఒక రిస్కే, ఏ డాక్టరైనా మొదట అడిగేది అదే. కాబట్టి ఒక జనరల్ ఫిజీషియన్‌ని గానీ కార్డియాలజిస్ట్‌ని గానీ కలిసి నాన్నగారి సంగతి చెప్పి, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోండి, ఆయన అవసరమనుకుంటే ట్రెడ్‌మిల్ టెస్టో ఎకోనో (గుండె స్కానింగ్) రాస్తారు. పరుగులో ఎప్పుడైనా ఛాతీ పట్టేసినట్టు ఉండడం, కళ్లు బైర్లు కమ్మడం, మామూలు ఆయాసం కాకుండా తేడాగా ఊపిరి ఆడకపోవడం జరిగిందా? జరిగి ఉంటే డాక్టర్ చూసేదాకా ఒక్క కిలోమీటర్ కూడా వద్దు.

ఆవిడ మాటలో మిగతా సగం భయం. అమెరికాలో 2000 నుంచి 2010 మే దాకా జరిగిన మారథాన్లు, హాఫ్ మారథాన్ల లెక్క ఒకటి తీశారు, దాదాపు కోటీ తొమ్మిది లక్షల మంది పాల్గొంటే పరుగులోనో అయిపోయిన వెంటనేనో గుండె ఆగింది 59 మందికి, వాళ్లలో 51 మంది మగవాళ్లు, హాఫ్‌లో ఆగినవాళ్లు 19 మంది. అంటే చాలా అరుదు, కానీ సున్నా కాదు, వాళ్లలో పూర్తి వివరాలు దొరికినవాళ్లని చూస్తే చాలామందికి గుండెలో ఏదో లోపం ముందే ఉంది. ఈ అంకెలు అమ్మగారికి చెప్పి లాభం లేదు, ఆవిడ కళ్లముందు పోయింది ఒక్కడే మనిషి. మీరే రాశారు, నాన్నగారు ఏనాడూ పరిగెత్తలేదు, కూర్చుని చేసే ఉద్యోగం, సిగరెట్ ఉండేది అని. మీరు పరిగెత్తేది ఆయనలా కాకూడదనే కదా, ఆ మాట ఎప్పుడైనా అమ్మతో అన్నారా? వీలైతే డాక్టర్ దగ్గరికి ఆవిడని కూడా తీసుకెళ్లండి, నల్గొండ నుంచి ఎంతసేపు. మీరు ఫోన్లో చెప్పిన వంద మాటల కంటే డాక్టర్ ఎదురుగా ఈసీజీ కాగితం చూసి "ఏం లేదమ్మా" అంటే ఆవిడకి ఎక్కుతుంది, ఒకవేళ ఏదైనా ఉందని తేలితే ఆవిడ మొత్తుకోవడమే మిమ్మల్ని కాపాడినట్టు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. అన్నీ ఒక షరతు మీద, రిపోర్టులు, కాలు రెండూ తేలాకే.

కాలు మామూలు షిన్ పెయిన్ అని తేలి, రక్తం 12 దాటి ఉంటే, హాఫ్ తలుపు పూర్తిగా మూసుకోలేదు. పది రోజులు పరుగు ఆపండి, సైకిల్ తొక్కండి, ఈత వస్తే ఈదండి, రోజూ మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించే వ్యాయామం చేయండి, నొప్పి పెడితే ఆపేయండి. ఆ తర్వాత నొప్పి లేకుండా అరగంట నడవగలిగితే 4, 5 కిలోమీటర్లతో మళ్లీ మొదలు, ఆదివారాలు 9, 12 అని వెళ్లి, రేసుకి రెండు వారాల ముందు ఆదివారం 14 నుంచి 16 మధ్య ఒక్కసారి, ఇక అక్కడి నుంచి తగ్గించుకుంటూ రావడమే. ఆ చివరి లాంగ్ రన్ తర్వాత మంగళవారం పొద్దున కాలు ఏమంటుందో దాన్ని బట్టి వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోండి. మధ్యలో ఏ వారమైనా నొప్పి మళ్లీ వస్తే ఆ ప్లాన్ అక్కడితో ఆగినట్టే, పోయిన కిలోమీటర్లని తర్వాత వారంలో కలిపి కొట్టేద్దాం అనుకోవడమే మళ్లీ మొదటి తప్పు. నిజం చెప్పాలంటే ఈ దారి చాలా ఇరుకు, ఒక్క జ్వరం వచ్చినా, పిల్లల పరీక్షలు వచ్చినా కుదరదు.

ఈ దారిన వెళ్తే మాత్రం రన్ వాక్ పద్ధతిలో వెళ్లండి. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మొదటి కిలోమీటర్ నుంచే, అలసిపోయాక కాదు. కిలోమీటరుకి 8 నిమిషాల పేస్‌లో నాలుగు నిమిషాలు పరిగెత్తి ఒక నిమిషం చురుగ్గా నడిచినా సగటున కిలోమీటరుకి ఎనిమిదున్నర నిమిషాలు పడుతుంది, హాఫ్ అంటే 21.1 కిలోమీటర్లు కాబట్టి దాదాపు మూడు గంటలు. మీ 15 పేస్ చూస్తే కిలోమీటరుకి 8 నిమిషాల 40 సెకన్లు, అది కూడా చచ్చీ చెడీ. అంటే పద్ధతిగా నడుస్తూ వెళ్తే అదే టైమ్‌కో ఇంకా ముందో చేరతారు, కాలు మీద దెబ్బ తక్కువ పడుతుంది. కటాఫ్ టైమ్ ఎంతో మీ రిజిస్ట్రేషన్ మెయిల్‌లో చూసుకోండి. ఇంకోటి, ఉస్మానియా రోడ్ల అలవాటుతో వెళ్లకండి. రేసు మొదలయ్యే నెక్లెస్ రోడ్డు చదునుగా ఉందని, జనం దూసుకుపోతున్నారని మొదట్లో ఊపుగా వెళ్తారు, హుస్సేన్ సాగర్ ఒడ్డు నుంచి గచ్చిబౌలి చేరాలంటే ఎత్తులు ఎక్కాల్సిందే, ఫ్లైఓవర్లు ఎక్కాల్సిందే, పైగా ఆగస్టు ఉక్కపోత, చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఒక ఆదివారం పొద్దున్నే కేబీఆర్ పార్క్ చుట్టుపక్కల ఆ ఎత్తుపల్లాల్లో 8 కిలోమీటర్లు పరిగెత్తి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

రెండో దారి, అదే రోజు అదే రేసులో 10కె. ఇప్పుడే నిర్వాహకులకి మెయిల్ పెట్టి కేటగిరీ మార్చుకునే వీలుందా అడగండి, గడువు ఉంటే దాటిపోతుంది. దీనిలో మీరు పోగొట్టుకునేది ఆ 21 అన్న అంకె, మిగిలేది కాలు, గ్రూపుతో వెళ్లిన ఆనందం, సోమవారం ఆఫీసుకి మామూలుగా నడిచి వెళ్లడం. అయితే కాలు తగ్గకపోతే 10కె కూడా వద్దు, చిన్న దూరం కదా అని ఎముక ఊరుకోదు.

మూడోది చలికాలానికి వాయిదా. నవంబర్‌లోనో డిసెంబర్‌లోనో వైజాగ్‌లో నేవీవాళ్లు పెట్టే మారథాన్‌లో హాఫ్ ఉంటుంది, ఆర్కే బీచ్ ఒడ్డున, జనవరిలో ముంబై ఉంది, మన హైదరాబాద్‌లోనే చలికాలం చిన్న చిన్న రేసులు చాలా జరుగుతాయి. మీకు నాలుగైదు నెలలు దొరుకుతాయి, ఐరన్ నిల్వలు నిండుతాయి, ఆదివారాలు ఒక్కో కిలోమీటరు చొప్పున పెంచుకోవచ్చు, వారంలో నాలుగో రోజు కూడా కలపొచ్చు. పోయేది కట్టిన డబ్బులు, ఇంకా ఆ ఏడుగురితో కలిసి గీత దాటే ఆ ఒక్క పొద్దున. అది చిన్న నష్టమని నేను అనను, ఆఫీసు స్నేహాలు మన వయసులో అంత తేలిగ్గా దొరకవు. కానీ నా మనసు ఎటుందని అడిగితే ఇటే ఉంది.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని దాచడం ఎందుకు, నొప్పి మాత్ర వేసుకుని వెళ్లి పూర్తిచేసేయడం. చాలామంది చేస్తారు. కొందరికి ఏమీ కాదు. అయ్యినవాళ్లకి ఏమవుతుందో పైన నా స్టూల్ కథలో చెప్పా, పైగా పరుగుకి ముందు బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుని, చెమటలో నీళ్లు పోగొట్టుకుంటూ పరిగెత్తితే కిడ్నీల మీద, కడుపు మీద భారం పడుతుంది, నొప్పి తెలియదు కాబట్టి ఆగాల్సిన చోట ఆగరు. ఈ దారి మాత్రం వద్దని చెయ్యి పట్టుకుని చెప్తున్నా.

మీరు ఏ రేసుకి వెళ్లినా కొన్ని సంగతులు. నీళ్లు ప్రతి స్టాల్ దగ్గరా గుటగుటా తాగేయకండి, దాహం మేరకు తాగండి, గంట దాటాక ఓఆర్ఎస్ కూడా ఉండాలి, మూడు గంటలు ఒట్టి నీళ్లే ఎక్కువగా తాగితే ఒంట్లో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి, అది ప్రమాదం. ఉక్కలో వణుకు పుట్టినా, రోమాలు నిక్కబొడుచుకున్నా, అడుగులు తడబడినా పక్కన మెడికల్ వాళ్ల దగ్గరికి వెళ్లిపోండి, ఇంకా రెండు కిలోమీటర్లే కదా అనుకోవద్దు. ఆ పొద్దున తినేది ఏదైనా ముందు లాంగ్ రన్స్‌లో తిని చూసుకున్నదే అయ్యుండాలి, ఇడ్లీ పడితే ఇడ్లీ, అరటిపండు పడితే అరటిపండు. పీరియడ్ డేట్ ఆ వారంలో పడుతుందేమో కూడా ఇప్పుడే లెక్క చూసుకోండి.

మీ ఆయన "అందరూ ఏమనుకుంటరు" అన్నారు కదా, ఆయన చెడ్డగా అనలేదు, మీరు మెడల్ వేసుకుని తిరిగిన రాత్రి ఆయన చూశారు, అది మళ్లీ చూడాలని ఉండి ఉంటుంది. ఆయనకి ఆ ఎముక సంగతి, రక్తం సంగతి చెప్పండి, బొటనవేలి టెస్ట్ ఆయన చేత చేయించండి, ఎక్కడ నొక్కితే మీరు కాలు లాక్కున్నారో ఆయనే చూస్తారు, అప్పుడు ఆ మాట ఆయన నోట రాదు. గ్రూపులో ఆరుగురూ రోజూ స్క్రీన్‌షాట్లు పెడుతుంటే మీరు ఒక్కరే మౌనంగా ఉండి లోపల నలిగిపోవడం ఎందుకు, వాళ్లలో కూడా ఎవరికో ఒకరికి ఏదో నొప్పి ఉండే ఉంటుంది, ఎవరూ ముందు చెప్పట్లేదు అంతే. నేనైతే గ్రూపులో ఇలా పెడతా, కావాలంటే మీరూ ఇదే కాపీ చేసి పెట్టుకోండి:

"అందరికీ నమస్తే. 15 తర్వాత నా ఎడమ కాలికి నొప్పి తగ్గట్లేదు, డాక్టర్‌కి చూపించుకుంటున్నా, బ్లడ్ టెస్టులు కూడా చేయించుకుంటున్నా. హాఫ్ చేస్తానా, 10కె చేస్తానా, లేక ఆ రోజు గచ్చిబౌలి స్టేడియంలో అరటిపండ్లు పట్టుకుని మీ కోసం నిలబడతానా అన్నది ఆగస్టు మధ్యలో చెప్తా. డాక్టర్ సరేనంటే ఆదివారాలు మీతో వస్తా, కానీ నా దూరం నాది, నేను ఆగినచోట ఎవరూ ఆగకండి. ఇంకెవరికైనా కాలు నొప్పి ఉంటే చెప్పండి, కలిసి వెళ్దాం డాక్టర్ దగ్గరికి."